పెద్ద వస్తువు అనే స్టేషన్

ఓస్లో మెట్రోలో మా అమ్మాయికి తనతో తనకే ఒక పందెం. అనౌన్స్‌మెంట్ రాకముందే తర్వాతి స్టేషన్ పేరు చెప్పెయ్యాలి. ఆరేళ్ళ పిల్ల. ఇంట్లో తెలుగు, గడప దాటితే నార్వేజియన్. ఒకరోజు నేషనల్ థియేటర్ స్టేషన్ దాటగానే "ఇప్పుడు స్టూర్టింగె" అని చెప్పి, ఏదో తట్టినట్టు ఆగిపోయింది. "నాన్నా, స్టూర్ అంటే పెద్ద. టింగ్ అంటే వస్తువు. ఆ పెద్ద వస్తువు ఎక్కడుంది? మనం ఎప్పుడూ చూడలేదు కదా!"

దిగి చూపించాను. పసుపు ఇటుకల భవనం, మధ్యలో గుండ్రంగా ముందుకొచ్చి ఉంటుంది. ఎదురుగా రెండు రాతి సింహాలు. 1866 నుంచి నార్వే పార్లమెంటు అక్కడే నడుస్తోంది. మా పిల్ల ఒక సింహాన్ని చాలాసేపు చూసి "ఇదా?" అంది. కాదమ్మా, లోపల 169 మంది కూర్చుని మాట్లాడుకుంటారు, దాన్ని టింగ్ అంటారు అన్నాను. "మాట్లాడుకోవడాన్ని వస్తువు అనడమేంటి?"

ఆ ప్రశ్నకి ఆ పూట ఐస్‌క్రీమ్ కొనిచ్చి తప్పించుకున్నాను. తర్వాత కొన్ని వారాలకి, ఉగాది సాయంత్రం, అదే ప్రశ్న వేరే వేషంలో మళ్ళీ ఎదురైంది.

స్కూలు జిమ్ ఒకటి అద్దెకి తీసుకుని ఉగాది చేసుకున్నాం. యాంకరింగ్ చేస్తున్న అమ్మాయి మైకులో "ఈ సాయంత్రం మనందరం రచ్చ రచ్చ చేద్దాం!" అని అరిచింది. పిల్లలు ఈలలు వేశారు. నా పక్కన పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడిన పెద్దాయన, కొడుకు దగ్గరికి మూడు నెలలకని వచ్చిన రిటైర్డ్ తెలుగు మాస్టారు, ముఖం చిట్లించారు.

"రచ్చ అంటే సభ బాబూ. సభ చేయడమేంటి?"

"ఇప్పుడందరూ గోల అన్న అర్థంలోనే వాడుతున్నారు కదా మాస్టారూ."

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలిచి గోల గెలవమనలేదు. అందరూ కలిసి తప్పు చేస్తే అది ఒప్పయిపోతుందా?"

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చే బస్సులో మాత్రం ఆ టింగ్ గుర్తొచ్చింది. అప్పటి నుంచి ఈ రెండు మాటలూ నా బుర్రలో ఒకదాన్నొకటి గిల్లుకుంటూనే ఉన్నాయి. మాస్టారికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తాను. ఆ జవాబుని ఆయనే మళ్ళీ ఎలా తిప్పికొట్టారో కూడా చెప్పాలి, లేకపోతే మోసం అవుతుంది.

ఎన్ టింగ్, ఎట్ టింగ్

ఇంగ్లీషులో థింగ్, జర్మన్‌లోనూ డచ్‌లోనూ డింగ్, స్కాండినేవియా భాషల్లో టింగ్. అన్నీ ఒకే మాట. మనకి స్కూల్లో నేర్పిన అర్థం వస్తువు. కానీ మ్యాపు ముందు పెట్టుకుని ఉత్తరానికి వెళ్తుంటే అదే మాట పార్లమెంటుల బోర్డుల మీద కనిపిస్తుంది. నార్వేలో స్టూర్టింగ్, డెన్మార్క్‌లో ఫోల్కెటింగ్, ఫారో దీవుల్లో లోగ్టింగ్, ఐస్‌లాండ్‌లో ఆల్థింగ్. నార్వే ఉత్తరాన సామీ జాతి వాళ్ళు ఎన్నుకునే సభ సామెటింగ్. ఇక్కడ జిల్లా కోర్టుని టింగ్‌రెట్ అంటారు.

మా అమ్మాయి ప్రశ్నకి వ్యాకరణం దగ్గర ఒక జవాబుంది. నార్వేజియన్‌లో ఎన్ టింగ్ అంటే వస్తువు, ఎట్ టింగ్ అంటే సభ. లింగం ఒక్కటే తేడా. స్టేషన్ పేరు చివర ఆ 'ఎట్' అతుక్కుని ఉంది కాబట్టి అది పెద్ద వస్తువు కాదు, పెద్ద సభ. పలికేటప్పుడు ఆ చివరి 'ట' మింగేస్తారు, పాపం పిల్ల మాత్రం ఏం చేస్తుంది.

రెండేళ్ళ క్రితం మేం ఫ్లాట్ కొన్నప్పుడు బ్యాంకు నుంచి ఒక మెసేజ్ వచ్చింది, మీ కాగితాలు టింగ్‌లూస్ట్ అయ్యాయి అని. రిజిస్ట్రేషన్ అయిపోయిందన్నమాట. కానీ మాటని విడదీస్తే 'టింగ్‌లో చాటింపు వేశాం' అని. ఒకప్పుడు భూమి చేతులు మారితే సభలో నలుగురి ముందూ పైకి చదివి వినిపించేవాళ్ళు. అభ్యంతరం ఉన్నవాడు అక్కడే నోరు విప్పాలి. ఇప్పుడు నా ఫ్లాట్ గురించి చాటింపు విన్నది ఏదో సర్కారీ కంప్యూటర్. మా ఆవిడ ఆ మెసేజ్ చూసి "అయిపోయిందా?" అంది, నేను "చాటింపు వేశారట" అన్నాను. ఇద్దరం ఖాళీ హాల్లో కాసేపు అలా నిలబడ్డాం.

ఇవాళ వాయిదా ఉంది

సభ వస్తువుగా ఎలా మారిందో చూసేముందు, సభ అయినా మొదటి అర్థమేనా అని అడగాలి. మాస్టారి వాదనకి నేను ఇచ్చే మొదటి దెబ్బ ఇదే.

ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్కాండినేవియా భాషల కుటుంబాన్ని జర్మానిక్ అంటారు. ఆ భాషల్లో పెద్ద గ్రంథంగా మనకి దక్కిన వాటిలో అతి పాతది నాలుగో శతాబ్దపు గోథిక్ బైబిల్. గోథిక్ ఆ కుటుంబంలో ఇప్పుడు చచ్చిపోయిన భాష. అందులో ఈ మాటకి చుట్టమైన 'థీస్' ఉంది. దానికి అర్థం కాలం. భాషావేత్తలు ఎక్కువమంది ఒప్పుకునే దారి ఇది: ముందు 'కాలం', తర్వాత 'పెట్టుకున్న గడువు', ఆ గడువుకి జనం చేరారు కాబట్టి 'సభ'.

గడువు సభగా మారడమేంటని ఇంగ్లీషువాళ్ళు ఆశ్చర్యపోవచ్చు. మనకేం ఆశ్చర్యం? మా తాతయ్యకి పొలం గట్టు మీద ఒక కేసుండేది. నా చిన్నప్పుడు నెలకో రెణ్ణెల్లకో ఒకరోజు పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టుకుని, గుడ్డసంచీలో కాగితాలు పెట్టుకుని బయల్దేరేవాడు. ఎక్కడికి తాతయ్యా అంటే "ఇవాళ వాయిదా ఉందిరా" అనేవాడు. కోర్టు అనే మాటే లేదు. అరబ్బీలో మాట ఇవ్వడం అనే అర్థంలో మొదలై, మన దగ్గరికొచ్చేసరికి గడువుగా మారిన వాయిదా, తాతయ్య నోట్లో న్యాయస్థానమే అయిపోయింది. సాయంత్రం తిరిగొచ్చి సంచీ కొక్కేనికి తగిలిస్తూ "వాయిదా వేశారు" అనేవాడు. వాయిదాకి వెళ్తే వాయిదా వేశారు. అప్పుడు నాకు నవ్వొచ్చేది, ఆయనకి వచ్చేది కాదు.

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సుమారు 98లో జర్మానిక్ తెగల గురించి రాస్తూ ఈ సభల ముచ్చట చెప్పాడు. అమావాస్య వెళ్ళాక గానీ పౌర్ణమికి గానీ చేరతారట. అయితే చెప్పిన రోజుకి ఎవరూ రారు, వచ్చేవాళ్ళ కోసం చూస్తూ రెండు మూడు రోజులు గడిచిపోతాయి అని విసుక్కున్నాడు. ముహూర్తం తొమ్మిదికని కార్డు మీద వేసి పదకొండు దాకా ఎదురుచూసే జాతికి చెందినవాడిగా ఆ వాక్యం చదివి నాకు ఆ తెగల మీద ప్రేమ పుట్టింది. ఆయుధాలతో కూర్చుంటారు. నచ్చకపోతే గొణుగుతారు, నచ్చితే ఈటెలు ఒకదానికొకటి తాటిస్తారు. ఈటె ముచ్చట గొప్ప కోసం చెప్పలేదని నా నమ్మకం, ఎందుకంటే ఐదున్నర శతాబ్దాల తర్వాత, 643లో, ఇటలీలో స్థిరపడిన లాంబార్డులనే జర్మానిక్ తెగ రాజు రోథారి తన చట్టాన్ని 'గైరెథింక్స్' ద్వారా ఖాయం చేయించాడు. గైర్ అంటే ఈటె. ఈటెల థింగ్.

బ్రిటన్‌లో రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ దగ్గర 1883లో ఒక శిలాపీఠం దొరికింది. ఇప్పటి నెదర్లాండ్స్ వైపు నుంచి వచ్చిన సైనికులు ప్రతిష్ఠించింది. 'మార్స్ థింక్సస్' అనే దేవుడికి అంకితం అని దాని మీద ఉంది. మార్స్ రోమన్ల యుద్ధదేవుడు. థింగ్‌ని కాచుకునే మార్స్ అన్నమాట. జర్మన్ల దీన్‌స్టాగ్, డచ్చివాళ్ళ దిన్స్‌దాఖ్ ఆ పేరు నుంచే వచ్చాయని చాలామంది పండితులు చెబుతారు. రెండింటి అర్థమూ మంగళవారం. మన మంగళుడూ వాళ్ళ మార్సూ ఒకే గ్రహం. మంగళవారం నాడు కొత్త పని దేన్నీ మొదలుపెట్టనివ్వని మా అమ్మమ్మకి, అక్కడ ఆ వారం పేరులోనే కోర్టు ఉందని తెలిస్తే "చూశావా మరి" అనేది.

కాబట్టి మాస్టారూ, అసలు అర్థమే అర్థం అనుకుంటే సభ దగ్గర ఆగడానికి వీల్లేదు. కాలం దాకా పోవాలి. దానికి ముందు ఇంకేదో ఉంటుంది. ఎక్కడ ఆగాలో నిర్ణయించేది మనకిష్టమైన అర్థమే తప్ప పదం కాదు.

సభ నుంచి పేచీ, పేచీ నుంచి కుర్చీ

ఇంగ్లండ్‌లో కెంట్ రాజులు హ్లోథ్‌హెరె, ఎయాడ్రిక్ 680ల్లో చేసిన చట్టాల్లో ఒక నిబంధన ఉంది. ఒకడు ఇంకొకడి మీద వ్యాజ్యం తెచ్చి, అతణ్ణి సభలో గానీ థింగ్‌లో గానీ కలిస్తే అవతలివాడు పూచీ ఇవ్వాలి అని. ఇంగ్లీషులో ఈ మాటకి దొరికే తొలి సాక్ష్యాల్లో ఇదొకటి, అక్కడ థింగ్ అంటే కచ్చితంగా కోర్టే. అదే వాక్యంలో వ్యాజ్యానికి వాడిన మాట 'సకు'. ఇప్పటి ఇంగ్లీషు సేక్ అదే. 'నా కోసం' అనడానికి వాళ్ళు వాడే ఆ చిన్న ముక్క ఒకప్పుడు కోర్టు కేసు. జర్మన్‌లో దాని తోబుట్టువు జాఖె ఇప్పుడు 'సామాను, విషయం'. నార్వేజియన్ సాక్ మాత్రం కేసుగానూ విషయంగానూ రెండు ఉద్యోగాలు చేస్తోంది. లాటిన్‌లో కౌసా అంటే కారణం, కేసు. అది ఫ్రెంచిలో షోజ్ అయింది, ఇటాలియన్‌లో కోజా అయింది. రెండింటి అర్థం, మీరు ఊహించినట్టే, వస్తువు.

ఇన్ని భాషలు ఒకే పల్లంలోకి జారాయంటే ఇది ఎవరో తప్పు మాట్లాడ్డం వల్ల జరిగింది కాదు. జనం చేరతారు. చేరినచోట ఒక పేచీ ఉంటుంది. కొన్నాళ్ళకి 'థింగ్‌లో ఏమైంది' అన్నా, 'థింగ్ ఏమైంది' అన్నా ఒకటే. సభ పేరు సభ ముందున్న పేచీకి అంటుకుంటుంది. పేచీ నుంచి విషయం అడుగు దూరం. విషయం నుంచి వస్తువు ఇంకో అడుగు. డచ్చివాళ్ళు అత్యవసర కేసుని ఇప్పటికీ 'కోర్ట్ ఖెదింగ్' అంటారు, పొట్టి డింగ్ అని. అక్కడ మొదటి మెట్టూ చివరి మెట్టూ ఒకే ఇంట్లో ఉన్నాయి.

ఈ మెట్లు నేను చెప్పినంత వరసగా ఉన్నాయని మాత్రం నమ్మకండి. పాత ఇంగ్లీషు రచనల్లోనే థింగ్‌కి కోర్టు అనీ, విషయం అనీ, వస్తువు అనీ, ప్రాణి అనీ అర్థాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి చచ్చాక ఇంకోటి పుట్టినట్టు చెప్పడం కథ చెప్పేవాళ్ళ సౌకర్యం. నేనూ కథే చెబుతున్నాను.

చివరికి ఆ మాట ఎంత పలచబడిందంటే, జర్మన్‌లో పేరు గుర్తు రానప్పుడు 'డింగ్స్' అంటారు. మా అమ్మ వంటింట్లోంచి "ఒరేయ్, ఆ ఇది పట్టుకురా" అన్నట్టు. అదేంటమ్మా అంటే "అదేరా, ఇదీ!" ఈటెలు తాటించిన సభ చివరికి పేరు గుర్తు రాని గరిటె దగ్గరికి వచ్చి ఆగింది.

ఇక రచ్చ. నిఘంటువుల ప్రకారం ఇది సంస్కృతంలో రథ్య, అంటే వీధి, బాట. ప్రాకృతం మీదుగా రచ్చ అయింది. వీధిలో నలుగురు చేరేచోటు రచ్చ, వాళ్ళు కూర్చునే రాయి రచ్చబండ. అందరి ముందుకీ వచ్చిన గొడవ 'రచ్చకెక్కింది'. ఆ 'రచ్చకెక్కడం' దగ్గరే మలుపుంది. అక్కడ రచ్చ అంటే ఇంకా చోటే. కానీ విన్నవాడికి వినిపించేది గొడవ. అక్కడి నుంచి 'రచ్చ చేయడం' ఎంతో దూరం లేదు. పంచాయితీదీ అదే దారి. నా కొలీగ్ ఒకతనిది వరంగల్, సిస్టమ్ మొరాయించిన రోజున "పొద్దుగాల నుంచి దీనితోని ఒకటే పంచాయితి" అంటాడు. ఐదుగురు పెద్దమనుషులు ఎక్కడా లేరు, అతనూ సర్వరూ మాత్రమే ఉన్నారు.

ఇంగ్లీషువాళ్ళకీ మనకీ తేడా ఒక్కటే. సభ వెళ్ళిపోయాక వాళ్ళకి అజెండా మిగిలింది, మనకి అరుపులు మిగిలాయి. దీని మీద జాతి లక్షణం అంటూ సిద్ధాంతం కట్టాలని చెయ్యి దురద పెడుతోంది గానీ, రెండు మాటల మీద అంత బరువు పెట్టకూడదు.

సంగతి గురించి ఒక తొందరపాటు

ఇదంతా తవ్వుతున్న రోజుల్లో అమ్మ ఫోన్ చేసి, ఎప్పట్లాగే, "ఏంట్రా సంగతులు?" అంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. సంగతి! సం, గతి. కలిసి రావడం. సంస్కృతంలో సంగతి అంటే కలయిక, సమాగమం. తెలుగులో విషయం. ఇది అచ్చంగా థింగ్ కాదూ? 'నీ సంగతి తేలుస్తా' అనే బెదిరింపు ఉంది చూశారా. జర్మన్‌లో ఒకణ్ణి అరెస్టు చేయడాన్ని డింగ్‌కి కట్టిపడేయడం అనే అర్థమొచ్చే మాటతో చెబుతారు. రెండింట్లోనూ కోర్టు వాసన వచ్చింది నాకు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నకి పొంగు దిగింది. సంస్కృతంలో సంగతికి పొందిక అనీ, సంబంధం అనీ, అనుకోకుండా జరిగింది అనీ కూడా అర్థాలున్నాయి. మనం 'అసంగతం' అంటున్నది ఆ పొందిక లేకపోవడాన్నే. కచేరీలో సంగతులు వేస్తే సభ తీర్చారని కాదు కదా. తెలుగులో సంగతికి విషయం అన్న అర్థం పొందిక వైపు నుంచో సంఘటన వైపు నుంచో వచ్చి ఉండడానికే అవకాశం ఎక్కువ. రచ్చబండ మీదుగా వచ్చిందనడానికి ఆధారం నా ఉత్సాహం ఒక్కటే. రెండు బస్సులు ఒకే ఊళ్ళో ఆగినంత మాత్రాన ఒకే రూట్లో వచ్చినట్టు కాదు.

ఈ పొరపాటు చెరిపేయకుండా ఇక్కడ ఉంచడానికి కారణం ఉంది. పాత అర్థాలు వెతికేవాళ్ళందరికీ ఉండే జబ్బు ఇది. దొరికిన పోలిక అందంగా ఉంటే నిజం అనిపిస్తుంది. జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ కూడా 1950లో ఒక ప్రసంగంలో కూజాని ఉదాహరణగా తీసుకుని, వస్తువు అంటే కూడదీసేది అని చెబుతూ, పాత జర్మన్‌లో థింగ్ అంటే సభ అని గుర్తు చేశాడు. చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ ఆ మాటకి ఆ చరిత్ర లేకపోతే కూజా చెమ్మూ చల్లదనం తగ్గుతాయా? కూజాని తెలుగులో వస్తువనే అంటాం. వస్తువు అంటే ఉండేది. మన కూజా ఉంటుంది, వాళ్ళ కూజా కూడదీస్తుంది, నీళ్ళు రెండింట్లోనూ ఒకేలా చల్లబడతాయి.

కుర్చీలు లేని పార్లమెంటు

కిందటి వేసవిలో ఐస్‌లాండ్ వెళ్ళాం. థింగ్‌వెట్లిర్ చూడాలని పట్టుబట్టింది నేనే. పేరుకి అర్థం థింగ్ మైదానం. ఉత్తర అమెరికా పలకా యూరేషియా పలకా విడిపోతున్న చోటు అది. నల్లటి రాతిగోడల మధ్య చీలికలో నడుస్తూ కిందికి దిగాలి. 930లో ఆల్థింగ్ మొదలైంది ఇక్కడే. ఒక గట్టు మీద జెండా కర్ర పాతి ఉంటుంది, చట్టపు బండ ఆ ప్రాంతంలోనే ఉండేదని గుర్తుగా. చట్టం చెప్పేవాడు అక్కడ నిలబడి, రాత లేని రోజుల్లో, మొత్తం చట్టంలో మూడోవంతు చొప్పున ఏటా నోటితో అప్పజెప్పేవాడు. మూడేళ్ళకి ఒక ఆవృత్తి పూర్తయ్యేది.

"కుర్చీలేవి?" అంది మా అమ్మాయి. లేవు. మట్టి, రాళ్ళ గోడలకి ఉన్ని గుడ్డ కప్పి రెండు వారాలు గుడారాల్లో ఉండేవాళ్ళు. గాలి ఎంత విసురుగా ఉందంటే నా మాట తనకి వినిపించలేదు, రెండోసారి అరిచి చెప్పాల్సొచ్చింది. ఇక్కడ చట్టం చెప్పడానికి జ్ఞాపకశక్తి ఎంత కావాలో గొంతు కూడా అంతే కావాలి.

నాకు అక్కడ భక్తి కలిగింది, ఆ మాట దాచను. వెయ్యేళ్ళ నాడు మతం మారాలా వద్దా అని రెండు వర్గాలు కత్తుల దాకా వస్తే, చట్టం చెప్పే థోర్గెయిర్ ఒక రోజంతా ముసుగు కప్పుకుని పడుకుని, లేచి, అందరం క్రైస్తవులవుదాం అని తీర్పు చెప్పాడట. ఆయన స్వయంగా పాత దేవుళ్ళ మనిషి. గొడవ అణిగింది.

కానీ కొంచెం దిగువకి నడిస్తే నదిలో ఒక మడుగు ఉంది. దాని పేరుకి అర్థం ముంచే మడుగు. మత సంస్కరణ తర్వాతి కాలంలో, రక్తసంబంధీకులతో బిడ్డల్ని కన్నారనీ, పుట్టిన బిడ్డని చంపారనీ, ఇంకా అలాంటి నేరాలకనీ ఆడవాళ్ళని అందులో ముంచి చంపేవాళ్ళు. 18 మంది అని లెక్క. ఆ తీర్పులిచ్చిందీ థింగే. తొలి రోజుల్లోనూ ఓటు పెద్దలైన గోదీలకే ఉండేది, బానిసలకి లేదు, ఆడవాళ్ళకి లేదు. మడుగు దగ్గర బోర్డు మా ఆవిడ చదివింది. పిల్లకి తెలుగులో చెప్పమంటే చెప్పలేదు. "పద, బస్సు టైమైంది" అంది.

ఆల్థింగ్ వెయ్యేళ్ళుగా ఆగకుండా నడుస్తోందని టూరిస్టు పుస్తకాలు రాస్తాయి. ఆగింది. 1800లో రద్దు చేశారు, 1845లో రేక్యవిక్‌లో మళ్ళీ మొదలైంది. నార్వే స్టూర్టింగ్ కూడా పాతకాలం నుంచి వచ్చిన సభ కాదు, 1814లో రాజ్యాంగం రాసుకున్నవాళ్ళు కొత్త సభకి ఏరుకుని పెట్టుకున్న పాత పేరు. డెన్మార్క్ రాజుల కింద నాలుగు శతాబ్దాలున్నాక, మాకూ ఒకప్పుడు మా టింగులు ఉండేవని చెప్పుకోవడానికి. ఇంగ్లండ్‌లో అలా ఏరుకునేవాళ్ళు లేకపోయారు. అక్కడ 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు గెలిచాక, ఫ్రెంచి నుంచి 'పార్లమెంట్' అనే మాట వచ్చి కూర్చుంది. సభ అన్న అర్థం ఊళ్ళ పేర్లలో దాక్కుంది: స్కాట్లండ్‌లో డింగ్‌వాల్, షెట్లాండ్‌లో టింగ్‌వాల్. ఎన్నికల ప్రచార సభల్ని హస్టింగ్స్ అంటారే, ఆ చివర ఉన్నదీ ఇదే. మధ్యలో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో మాత్రం టిన్వల్డ్ ఇంకా బతికే ఉంది, ఏటా, సాధారణంగా జులై 5న, గుట్ట మీద చేరి కొత్త చట్టాల సారాంశం పైకి చదువుతారు.

మన దగ్గరా 2009లో ప్రభుత్వం ఒక కార్యక్రమానికి రచ్చబండ అని పేరు పెట్టింది కదా. అప్పుడు ఎవరికీ గోలబండ అని వినిపించలేదు.

మాస్టారు చెప్పింది

ఇంత సరంజామా పోగేసుకుని, మాస్టారు ఇండియా వెళ్ళేముందు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. గోంగూర పచ్చడి ఆయనే తెచ్చింది. వాయిదా దగ్గర మొదలుపెట్టి మడుగు దాకా అంతా చెప్పాను. పాత అర్థం పవిత్రమూ కాదు, మొదటిదీ కాదు, ఆ సభలేమీ అందరివీ కావు, అలాంటప్పుడు యాంకర్ అమ్మాయిని తప్పుపట్టడం దేనికి అన్నాను. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. తెలుగు మాస్టార్లలో అది అరుదు.

చెప్పడం అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"మా ఊళ్ళో వేపచెట్టు కింద రచ్చబండ ఉండేది బాబూ. దాని మీద మా నాన్న ఎప్పుడూ కూర్చోలేదు. పిలిస్తే వెళ్ళేవాడు. చెప్పులు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడేవాడు. పైన కూర్చున్నవాళ్ళు ఏం చెబితే అది విని వచ్చేవాడు. నువ్వు ఐస్‌లాండ్ దాకా వెళ్ళి తెలుసుకున్నావు, నాకు ఏడేళ్ళప్పుడే తెలుసు."

ఏమనాలో తోచలేదు.

"మరి మీకెందుకండీ ఆ అర్థం మీద అంత పట్టు?"

"రచ్చ అంటే ఉత్త గోల అయిపోతే, మా నాన్న దేని ముందు నిలబడ్డాడని చెప్పమంటావు?"

నాకు బస్సులో దొరికిన జవాబు ఆ క్షణంలో పనికిరాకుండా పోయింది. పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోను. పాత అర్థాన్ని జడ్జిగా కూర్చోబెట్టి ఇవాళ మాట్లాడేవాళ్ళకి శిక్షలు వేయించడం నాకు నచ్చదు. యాంకర్ అమ్మాయి తప్పేమీ మాట్లాడలేదు. కానీ మాస్టారు ఆ అర్థాన్ని పిలిచింది జడ్జిగా కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. సాక్షిగా పిలిచారు. అక్కడ ఒక బండ ఉండేదని, కొందరు పైన, కొందరు కింద ఉండేవాళ్ళని చెప్పడానికి ఆ మాట ఒక్కటే మిగిలింది. థింగ్ విషయంలో ఆ సాక్ష్యం పలికేందుకు లోయలో రాళ్ళున్నాయి, మడుగు పక్కన బోర్డుంది, 680ల నాటి చట్టం ఉంది. వేపచెట్టు కింద మాటల్ని ఎవరు రాసిపెట్టారు?

ఇంకో అనుమానం కూడా ఉంది, అది ఇంకా తెగలేదు. ఉగాది రోజున ఆయన ఇదంతా చెప్పలేదు, 'తప్పు' అన్నారు. ఎన్నేళ్ళ అలవాటో అది. క్లాసులో అలా అంటేనే పిల్లలు వింటారనేమో. నాన్న సంగతి చెబితే వింటారో లేదో అనేమో. అడగలేదు. వచ్చేటప్పుడు పచ్చడి ఒక చిన్న సీసాలో పెట్టిచ్చారు.

మొన్న శనివారం మళ్ళీ మెట్రోలో వెళ్తున్నాం. మా అమ్మాయి పక్కన వాళ్ళ క్లాసు పిల్ల. స్టూర్టింగె రాగానే మా అమ్మాయి గొప్పగా చెప్పింది, ఇది ఎన్ టింగ్ కాదు, ఎట్ టింగ్ అని. ఆ పిల్లకి అర్థమైందో లేదో తెలీదు, కిటికీలోంచి చూస్తోంది. మా అమ్మాయి నా వైపు తిరిగి తెలుగులోకి మారింది.

"లోపల మాట్లాడుకుంటారన్నావు కదా. అరుచుకుంటారా?"

"అప్పుడప్పుడు."

"అయితే రచ్చే" అంది.